సర్ఫ్‌బోర్డు: పొడవు చూసి కొన్నా, లీటర్లు చూడలేదు

రెండో బోర్డు నిన్ననే ఇంటికొచ్చింది. మొదటిదాని మీద మంట చల్లారకముందే ఇది రాసేస్తున్నా. బెజవాడలో ఉంటూ సర్ఫింగేంటని నవ్వేవాళ్లకి ఒకటే జవాబు: చీకటితో బయల్దేరితే టిఫిన్ వేళకి సూర్యలంకలో ఉంటాం.

లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు), మైనం (కాలు జారకుండా బోర్డు మీద రుద్దేది) కొనడం తేలికే. లీష్ బోర్డు పొడవుంటే చాలు. మైనం డబ్బా మీద ‘ట్రాపికల్’ అని ఉండాలి. చల్లనీళ్ల మైనం మన సముద్రంలో మెత్తబడి జారిపోతుంది.

అసలు తిప్పలు మొదటి బోర్డు మీద రాసిన అంకెలతో. 6 అడుగులు, 19¼ అంగుళాలు, 2⅜ అంగుళాలు, 28 లీటర్లు. వరసగా పొడవు, వెడల్పు, మందం, ఘనపరిమాణం. షాపతను మొదటి అంకె ఒక్కటే చూపించి "మీ ఎత్తుకి ఇదే కరెక్టు సార్" అన్నాడు. చొక్కా అమ్మినట్టు అమ్మాడు. నా బరువు 78 కిలోలు. కొత్తవాళ్లకి కిలోకి కనీసం లీటరు ఉండాలి, చెయ్యి తిరిగినవాళ్లకే మూడో వంతు పైచిలుకు సరిపోతుంది. అంటే నాకు అంటగట్టింది ఆరితేరినవాడి బోర్డు.

లీటర్లు తక్కువైతే ఏమవుతుంది? పడుకోగానే బోర్డు నీళ్లలోకి దిగబడుతుంది, ఎంత చేతులాడించినా వేగం రాదు. అల వేగంలో కొంతైనా మనం అందుకోకపోతే అది మన కిందనుంచి దాటిపోతుంది. సూర్యలంకలో ఒడ్డు వాలు తక్కువ, అల దూరంగానే విరిగి నురగగా మెల్లగా వస్తుంది. దానికి తోసే బలం లేదు కాబట్టి తేలే పని బోర్డే చెయ్యాలి. ఉదయమంతా ఒక్క అల పట్టలేదు. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన "చెక్క మునిగిపోతందేంటి బాబూ?" అన్నాడు. షాపతనికి తెలియంది ఆయన దూరం నుంచే కనిపెట్టాడు.

ఇప్పుడు తెచ్చింది 8 అడుగుల సాఫ్ట్‌టాప్ (పైభాగం మెత్తటి ఫోమ్‌తో ఉండే బోర్డు), 22½ వెడల్పు, 3¼ మందం, సుమారు 80 లీటర్లు. మోకాలెత్తు, నడుమెత్తు మెత్తటి అలకి ఇదిగానీ, 9 అడుగుల లాంగ్‌బోర్డుగానీ. అడుగుభాగం చదునుగా ఉండాలి. ముక్కు బాగా పైకి వంగిన బోర్డు చిన్న అలలో నీళ్లని తోసుకుంటూ ఆగిపోతుంది. అదే వంపు నిటారుగా లేచే అలలో ప్రాణం కాపాడుతుంది: చదునైనదైతే దిగేటప్పుడు ముక్కు గుచ్చుకుని మనిషి పల్టీ కొడతాడు. కాబట్టి రుషికొండలో తలెత్తు అల లేచిన రోజు వంపున్న, సన్నతోక బోర్డు, అడుగున మూడు ఫిన్‌లు (చేప రెక్కల్లాంటివి). అల చిన్నదైనా గిరగిరా తిరగాలనుకుంటే పొట్టిగా, వెడల్పుగా, తోక చీలి ఉండే ‘ఫిష్’. కానీ అది నిలబడటం వచ్చినవాళ్లకే. వీడియోలో అలని చూసి బోర్డు కొనకండి, వారం వారం మీరు దిగే అలని చూసి కొనండి.

సెకండ్‌హ్యాండ్‌దైతే చేతులతో ఎత్తి చూడండి. చీలిక పడి లోపలి ఫోమ్ నీళ్లు తాగిన బోర్డు ఉండాల్సినదానికన్నా బరువుంటుంది. రోహిణి కార్తెలో మూసిన కారులో వదిలారో, పై పొర బుడగలు లేచి ఊడుతుంది.

పాత 28 లీటర్లది అమ్మకానికి పెట్టా. అడిగేవాళ్లు ధర కన్నా ముందు బరువు చెప్పండి.