ఉన్న ఆల్బమే మళ్ళీ కొనడం గురించి

మా ఆవిడ లెక్కలో నా దగ్గర 'జాస్' అనే హాలీవుడ్ సినిమా సంగీతం మూడుసార్లు ఉంది. నా లెక్కలో మూడు వేర్వేరు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఆ తేడా చెప్పబోయినప్పుడల్లా టీవీ సౌండ్ పెరుగుతుంది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

1975లో వచ్చిన 'జాస్' ఎల్పీలో (పెద్ద గ్రామఫోన్ రికార్డులో) ఉన్నది సినిమాలో మనం విన్న రికార్డింగ్ కాదు. ఆ సంగీతం రాసిన జాన్ విలియమ్స్ ఆల్బమ్ కోసం విడిగా ఆర్కెస్ట్రాతో మళ్ళీ రికార్డు చేశాడు. తెరమీద సీన్ ఎక్కడ తెగితే సంగీతమూ అక్కడ తెగాలి. ఎల్పీకి ఆ బాధ లేదు. అందుకని చిన్న చిన్న బిట్లను కలిపి, మొదలూ చివరా ఉన్న రచనలుగా మార్చాడు. సినిమాలో వాడిన అసలు రికార్డింగ్ 2000లో డెక్కా సీడీగా వచ్చింది. 2015లో ఇంట్రాడా అనే రికార్డు కంపెనీ వాళ్ళు రెండు సీడీల సెట్‌లో ఆ రికార్డింగునూ, పాత ఆల్బమ్‌నూ కలిపి ఇచ్చారు. ఒకదాని తర్వాత ఒకటి వింటే సినిమా రికార్డింగులో కరుకుదనం ఎక్కువ. ఆల్బమ్ మాత్రం దర్జాగా నడుస్తుంది.

ఈ గందరగోళానికి డబ్బు కూడా ఒక కారణం. అమెరికాలో సినిమా కోసం వాయించిన రికార్డింగును ఆల్బమ్‌గా అమ్మితే, వాద్యకారుల యూనియన్ ఒప్పందం ప్రకారం వాళ్ళకి మళ్ళీ చెల్లించాలి. వందమంది వాయించిన స్కోరు (సినిమా నేపథ్య సంగీతం) అయితే అది చిన్న ఖర్చు కాదు. 1980లు, 90ల్లో రెండు గంటల సినిమాకి అరగంట సీడీతో సరిపెట్టడం వెనక ముఖ్యంగా ఉన్నది ఇదే. అప్పట్లో మనం కంపెనీలను పిసినారులని తిట్టుకున్నాం. కొందరు నిజంగానే పిసినారులు కావచ్చు లెండి.

'సైకో' సంగతి ఇంకా విచిత్రం. 1960లో సినిమా అంత సంచలనం అయినా, అప్పుడు దాని సంగీతం ఆల్బమ్‌గా రాలేదు. దాన్ని స్వరపరిచిన బెర్నార్డ్ హెర్మన్ 1975లో నేషనల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తనే మళ్ళీ రికార్డు చేశాడు. అది సినిమాలోకన్నా బాగా నెమ్మది. స్వరపరిచినవాడే నిలబడి నడిపించాడు కదా, అదే సరైనదని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ కారు ప్రయాణం సీన్‌లో తరుముకొచ్చే భయం ఆ నెమ్మదిలో జారిపోయింది.

'వర్టిగో' సినిమా సంగీతమూ హెర్మన్‌దే, కానీ రికార్డింగులో ఆర్కెస్ట్రాని నడిపించే బేటన్ ఆయన చేతిలో లేదు. అమెరికాలో వాద్యకారుల సమ్మె వల్ల రికార్డింగ్ యూరప్‌కి వెళ్ళింది. కండక్టర్ మ్యూర్ మాథీసన్ కొంత లండన్‌లో, మిగతాది వియన్నాలో చేయించాడు. లండన్ భాగం స్టీరియో, వియన్నా భాగం మోనో. 1996లో వరేజ్ సారాబాండ్ కంపెనీ సీడీగా తెచ్చిన అసలు రికార్డింగును హెడ్‌ఫోన్స్‌లో వింటే, విశాలంగా పరుచుకున్న ఆర్కెస్ట్రా తర్వాతి ట్రాక్‌కి వచ్చేసరికి తల మధ్యలోకి ముడుచుకుంటుంది. అంతా ఒకేలా వినపడాలంటే తర్వాత చేసిన రీ-రికార్డింగులు ఉన్నాయి, శుభ్రంగా ఉంటాయి. నేను మాత్రం ఆ అతుకులున్న సీడీనే పెడతాను.

నాకు ఈ పిచ్చి పూర్తిగా ఎక్కించింది ఇంకో సినిమా సంగీతకారుడు జెర్రీ గోల్డ్‌స్మిత్. 'స్టార్ ట్రెక్: ది మోషన్ పిక్చర్' ఆల్బమ్ 1979లో ఎల్పీగా, 1999లో ఇంకాస్త నిడివితో సీడీగా వచ్చింది. 2012లో లా-లా ల్యాండ్ రికార్డ్స్ మూడు సీడీల సెట్ వేసింది. అందులో పక్కన పెట్టేసిన తొలి రికార్డింగులు ఉన్నాయి. కెప్టెన్ కర్క్ చిన్న వాహనంలో తన అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ చుట్టూ తిరుగుతూ దాన్ని కళ్ళారా చూసుకునే సీన్ ఉంది కదా, దాదాపు మాటల్లేకుండా సాగేది, దానికి గోల్డ్‌స్మిత్ మొదట వేరే సంగీతం రాశాడు. బాగానే ఉంటుంది, అలల్లా లేచి పడుతూ ఉంటుంది. కానీ పట్టుకుని హమ్ చేద్దామంటే ఏమీ చేతికి అందదు. దర్శకుడు రాబర్ట్ వైజ్ అదే పట్టుకున్నాడు: ఇందులో థీమ్ లేదన్నాడు. గోల్డ్‌స్మిత్ వెనక్కి వెళ్ళి రాసుకొచ్చిన థీమే, తర్వాత 1987లో 'నెక్స్ట్ జనరేషన్' సీరియల్ టైటిల్స్‌కి కూడా వాడినది. పాత వెర్షన్, కొత్త వెర్షన్ వరసగా పెట్టుకుని వినండి. అదే సీన్, అదే మనిషి, అదే స్థాయి పనితనం. రెండోదాంట్లో మాత్రం ఓడ మీద ప్రేమ పుట్టేస్తుంది. "బాగుంది కానీ చాలదు" అని ఒక దర్శకుడు చెప్పడం ఎంత కష్టమో, అది విని మళ్ళీ రాయడం ఎంత కష్టమో నాకు ఏ ఇంటర్వ్యూలోనూ ఇంత బాగా తెలియలేదు.

పోల్చేటప్పుడు నేను మొదట చేసేది వాల్యూమ్ సమానం చేయడం. కాస్త గట్టిగా వినపడేదే బాగుందని చెవి వెంటనే నమ్మేస్తుంది. కొన్ని రీమాస్టర్లు (పాత రికార్డింగుకే మెరుగులు దిద్ది మళ్ళీ వేసినవి) బతికేదే ఈ నమ్మకం మీద. అనుమానం వస్తే రెండు ఫైళ్ళనూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఒకే చోట మొదలయ్యేలా పెట్టి, ఒకదాని తరంగాన్ని తలకిందులు (ఇన్వర్ట్) చేసి కలుపుతాను. రెండూ టేపు నుంచి తీసిన ఒకే డిజిటల్ కాపీ అయితే ఏమీ మిగలదు, నిశ్శబ్దం. "సరికొత్త రీమాస్టర్" అని అట్టమీద అచ్చేసిన సీడీతో ఆ నిశ్శబ్దం వస్తే కలిగే కోపం వేరు. స్పీడ్ తేడాలు, ఎడమ కుడి తారుమారు కావడం, మామూలుగా ముగియాల్సిన ట్రాక్‌ని ఫేడ్ చేసేయడం, ఇవన్నీ వింటుంటేనే దొరుకుతాయి.

అయితే పూర్తి స్కోరు వస్తే పాత ఆల్బమ్ అమ్మేయొచ్చని చాలామంది అంటారు. నేను అమ్మను. 1977 'స్టార్ వార్స్' డబుల్ ఎల్పీలో ట్రాక్‌లు కథ వరసలో ఉండవు, వినడానికి అనువుగా పేర్చి ఉంటాయి. 1997 రెండు సీడీల సెట్‌లో అంతా కథ ప్రకారం ఉంటుంది, పైగా మొదటి సీడీ చివర మెయిన్ టైటిల్ వేర్వేరు టేకులు దాచిపెట్టారు. తెలుసుకోవడానికి రెండోది, కూర్చుని వినడానికి మొదటిది.

'బ్లేడ్ రన్నర్' దగ్గర మాత్రం ఏదీ తృప్తినివ్వదు. 1982లో ఆ సినిమాకి సంగీతం చేసిన వాంజెలిస్ ఆల్బమ్ రాకుండా, ఆయన సంగీతాన్ని న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా వాయించిన ఆల్బమ్ వచ్చింది. వాంజెలిస్ ఆల్బమ్ 1994 దాకా రాలేదు. అందులో సంగీతం మీద సినిమా డైలాగులు వినపడతాయి. 2007లో మూడు సీడీలు వచ్చాయి, అందులో మూడోది సినిమాలో లేని, సినిమా స్ఫూర్తితో చేసిన కొత్త సంగీతం. ఇంకో ఎడిషన్ ప్రకటిస్తే అదీ కొంటాను. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.