గుమ్మడికాయ చుట్టూ చేరిన జనం

వాంకూవర్‌లో నేను చేసే పని కంపోజిటింగ్. గ్రీన్‌స్క్రీన్ ముందు తీసిన నటుణ్ణి, కంప్యూటర్‌లో కట్టిన కోటని, విడిగా తీసిన పొగని, మంచుని అన్నీ ఒకే చోట ఒకే వెలుగులో ఉన్నట్టు కలపడం. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది, అందులో ఎక్కువ భాగం ఫాంటసీ నవలల నుంచి తీసిన సినిమాల మీద, సిరీస్‌ల మీదే గడిచింది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి నాలుగు సెకన్ల షాట్ అంటే 96 బొమ్మలు, అందులో గాలికి ఎగిరే జుట్టు ఉందంటే మూడు వారాలు ఆ జుట్టు అంచుల దగ్గరే కూర్చోవాలి. అందుకే ఎవరైనా "ఇవి ఫ్యాన్స్ కోసం తీసే కాలక్షేపం, వీటిని కళ అంటారేంటి" అంటే నాకు గట్టిగానే తగులుతుంది. అలాగని ప్రతిదీ గొప్ప కళ అని ఎదురు వాదించనూలేను. రెండూ నా మానిటర్ మీదే జరుగుతుంటాయి మరి.

పోయినేడాది ఒక షాట్ నా చేతికొచ్చింది. చీకటి గదిలో తండ్రి శవం పక్కన కూతురు కూర్చుని ఉంటుంది. వెలుగంతా ఒక్క కొవ్వొత్తిదే. ముఖం సగమే కనిపించాలి, మిగతా సగం నలుపులో కలిసిపోవాలి, కానీ ఆ నలుపు చచ్చిన నలుపులా ఉండకూడదు, అక్కడ మనిషి ఉందని తెలియాలి. మా లీడూ నేనూ దాని మీద చాలా రోజులు కష్టపడ్డాం. పొద్దున అందరం కలిసి షాట్లు చూసే డెయిలీస్‌లో అది వేసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు, మా పనిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు. రెండు రోజుల తర్వాత క్లయింట్ దగ్గర్నుంచి నోట్ వచ్చింది: ఆమె భుజం మీది పిన్ను కనపడట్లేదు, నవలలో అది ముఖ్యం, ఫ్యాన్స్ వీడియో ఆపి మరీ వెతుకుతారు, వెలుగు పెంచండి. పెంచాం. 41వ వెర్షన్ దాకా వెళ్లింది. కాంట్రాక్ట్ పొడిగిస్తారో లేదో అనే టెన్షన్‌లో ఉన్న రోజులు, వర్క్ పర్మిట్ దాని మీదే ఆధారపడి ఉంది, ఇక నోట్‌తో ఏం వాదిస్తాను? చివరికి పిన్ను బాగానే కనపడింది, కాకపోతే చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదికే పోతుంది, ఆ అమ్మాయి ముఖం మీదికి కాదు.

అయితే నా పక్క సీట్లో ఉండే బ్రెజిల్ అతను, ఆ నవలల్ని లెక్కలేనన్నిసార్లు చదివినవాడు, ఎపిసోడ్ వచ్చిన మర్నాడు ఆ పిన్ను గురించే చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు తన గదిలో ఊహించుకున్నది అచ్చం అలాగే ఉందట. నేను పోయిందనుకున్నది అతనికి దొరికింది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయలేను. కానీ అది గుర్తుపట్టిన సంతోషం. మనకు ముందే తెలిసిన వస్తువు తెర మీద కనిపిస్తే కలిగేది. నవల చదవనివాళ్లకి అక్కడ ఏముంది?

అవార్డులతో ఈ లెక్క తేలదు. ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడో భాగానికి 2004లో 11 నామినేషన్లకి 11 ఆస్కార్లూ వచ్చాయి. హ్యారీ పోటర్ ఎనిమిది సినిమాలకీ కలిపి ఒక్కటీ రాలేదు. మరోవైపు రింగ్స్ నవల రాసిన టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్, నాన్నగారి పుస్తకాన్ని కుర్రాళ్ల యాక్షన్ సినిమాగా మార్చేశారని 2012లో ఒక ఫ్రెంచ్ పత్రికతో బాధపడ్డాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, యుద్ధాల విషయంలో చాలావరకు నిజం కూడా. ఐతే ఆ సినిమాల్లోనే, ఉంగరం మీది మోజుతో మతి చెడిన గొల్లమ్ తనతో తాను మాట్లాడుకునే సీన్ ఉంది. పుస్తకంలో హీరో స్నేహితుడు శామ్ నిద్ర నటిస్తూ ఆ వాదనంతా వింటాడు, మాట మారినప్పుడల్లా గొల్లమ్ కళ్లలో పాలిపోయిన వెలుగొకసారి, ఆకుపచ్చ వెలుగొకసారి కనపడుతుంది. సినిమాలో వినేవాడెవరూ లేడు. మొదట కెమెరా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి కదులుతుంది, తర్వాత ఆ కదలిక కూడా ఉండదు, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఎలా కట్ చేస్తారో అలా కట్ చేస్తారు. ఉన్నది ఒక్కడే. ఇంత మామూలు ఎడిటింగ్ పద్ధతితో ఒక మనసు రెండుగా చీలడం చూపించారు. ఇది కాగితం మీద వీలుకాని పని. నా దృష్టిలో కళ అంటే అదీ.

తర్వాత అదే దర్శకుడు, పీటర్ జాక్సన్, టోల్కీన్‌దే ద హాబిట్ తీశాడు. ఒక చిన్న పిల్లల నవల, ముందు రెండు సినిమాలన్నారు, 2012లో మూడన్నారు. ఆ పుస్తకంలో అసలు లేనే లేని లెగొలాస్‌ని తెచ్చి పెట్టారు, ఎందుకంటే పాత సినిమాల్లో అతను జనానికి ఇష్టం. పనివాళ్ల నైపుణ్యంలో లోటేమీ లేదు, ఆ సినిమాల్లోని డ్రాగన్‌ని నేను ఇప్పటికీ పాఠంలా చూస్తాను. లోటు వేరే చోట ఉంది.

పుస్తకంలో లేనిది చేర్చడం తప్పని కాదు నేననేది. మాయాబజార్‌లోని శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో ఎక్కడుంది? చేర్చినా తీసేసినా, ఎందుకు చేశారన్నదే ప్రశ్న.

రింగ్స్ చివర తీసేసిన ఒక అధ్యాయం గురించి మా బ్రెజిల్ అతనికి ఇప్పటికీ కోపం. నవలలో ఊరు వదిలి వెళ్లిన నలుగురు హాబిట్‌లు, అంటే కథలోని పొట్టి మనుషులు, ఇంటికి తిరిగొచ్చేసరికి వాళ్ల ఊరే పాడైపోయి ఉంటుంది, చెట్లు కొట్టేసి, కొత్త పెత్తందార్లు వచ్చి. కథకి అది అవసరమని టోల్కీన్ స్వయంగా ముందుమాటలో రాశాడు. సినిమాలో ఊరు చెక్కుచెదరదు. ఆ నలుగురూ పబ్‌లో ఒక మూల బల్ల దగ్గర కూర్చుంటారు, చుట్టూ జనం ఎవరో తెచ్చిన పెద్ద గుమ్మడికాయ చూసి మురిసిపోతుంటారు, వీళ్లెక్కడికి వెళ్లొచ్చారని ఎవరూ అడగరు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాటల్లేకుండా కప్పులెత్తుతారు. అంతే.

వచ్చిన మూడేళ్లకి నేను మొదటిసారి సెలవు మీద ఇంటికెళ్లాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అందరూ ప్రేమగానే ఉన్నారు, సెలవు ఎన్నాళ్లని అడిగి మళ్లీ వాళ్ల మాటల్లో పడ్డారు. తప్పు వాళ్లది కాదు. ఆ చీకట్లో కూర్చుని ఒక్కో ఫ్రేమూ చేసిన రాత్రుల గురించి ఏమని చెప్పాలో నాకే తెలియలేదు. తిరిగొచ్చాక ఆ సీన్ చూసి అరగంట లేవలేకపోయాను.

ఇది చెప్తే మా బ్రెజిల్ అతను కాసేపు మాట్లాడలేదు. పర్మిట్ గొడవల్లో అతను ఇంటికెళ్లి నాలుగేళ్లు దాటింది. లంచ్ టైమ్‌లో నా మానిటర్ మీదే ఆ సీన్ పెట్టుకుని ఇద్దరం చూశాం. పుస్తకంలో ఇలా లేదన్నాడు. తర్వాత, ఇంకోసారి పెట్టమన్నాడు.