మంగలి కత్తికి పదును పెట్టడం – నా అనుభవం

ఇప్పుడు ఏ సెలూన్‌కి వెళ్లినా సగం బ్లేడు విరిచి పెట్టే కత్తే, నూరుకునే అసలు మడత కత్తి కనపడటమే మానేసింది, నాకేమో అదే కావాలి. జర్మనీ జోలింగెన్ కత్తులు బాగుంటాయంటారు గానీ నేర్చుకునేటప్పుడు అంత ఖరీదైనది రాయి మీద పెట్టడానికి చెయ్యి రాదు కదా, అందుకే చవగ్గా వచ్చే చైనా గోల్డ్ డాలర్ 66 తెప్పించా. పెట్టెలోంచి తీసి చూస్తే చేతి మీద వెంట్రుకలు కూడా తెగట్లేదు.

రాయి కింగ్ కంపెనీది, 1000/6000, అంటే ఒకవైపు గరుకు (1000), రెండోవైపు నున్నటిది (6000), అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. ముందు దాన్నే చదును చెయ్యాలి, పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి నీళ్లు పోసి రుద్దితే గీత ఎక్కడ మిగిలిందో అక్కడ గుంట ఉన్నట్టు.

కూరగాయల కత్తికైతే కోణం మనమే చూసుకోవాలి, దీనికా బాధ లేదు, వెన్ను అంచు రెండూ రాయికి ఆనిస్తే కోణం అదే కుదురుతుంది. అంచు ముందుండేలా తొయ్యాలి. కుదిరిందో లేదో తెలియడానికి అంచుకి పర్మనెంట్ మార్కర్ పూసి ఒక్కసారి రాయి మీద నడిపా, కొస వైపంతా తుడిచిపెట్టుకుపోయింది గానీ పిడి వైపు నలుపు అలాగే ఉంది. ఎందుకా అని వెలుతురుకి పెట్టి చూస్తే పిడి దగ్గర దళసరిగా వదిలేసిన మెడ రాయికి తగిలి ఆ వైపు అంచుని పైకి లేపేస్తోంది, ఈ మోడల్‌కి ఇది మామూలేనంట. అంచుకి టేపు వేసి డైమండ్ ఫైల్‌తో ఆ మెడ అరగదీసేసరికి తాతలు దిగొచ్చారు.

మా వీధి చివర సెలూన్ తాతకి చూపించా. "ఎంత నొక్కాలి తాతా?"

"నొక్కుడేందిరా, కత్తి బరువు సాలు. నీళ్లు సూడు."

నీళ్లు చూడటం అంటే, పదును రానంత వరకు అంచు నీళ్లని ముందుకి నెట్టుకుంటూ పోతుంది, వచ్చాక ఆ నీళ్లే బ్లేడు మీదకి ఎక్కేస్తాయి, పిడి నుంచి కొస దాకా అలా ఎక్కితే 1000 రాయి పని అయినట్టే. నన్నడిగితే మొత్తం కష్టం ఇక్కడే, 6000 వైపు చేసేది మెరుగు పెట్టడం మాత్రమే, 1000 దగ్గర తొందరపడి పైకి వెళ్తే ఎంత రుద్దినా దండగ.

ఆఖర్న తోలు పట్టీ, దాని మీద మాత్రం వెన్ను ముందు, తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి, అంచు మీద తిప్పితే తోలూ పోతుంది పదునూ పోతుంది.

బుగ్గల మీద ఇప్పుడు హాయిగా సాగుతోంది, గడ్డం కింద కొంచెం లాగుతోంది. 12000 రాయి రేటు చూసి ఆగిపోయా, ప్రస్తుతానికి తోలు మీద అంచుకి మెరుగు పెట్టే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు రాసి నెట్టుకొస్తున్నా.