భూమి ఊగిన బుధవారం

డిసెంబర్ 4, 2024

పొద్దున 7.27కి భూమి కంపించిందని తర్వాత టీవీలో చెప్పారు. ఆ టైముకి నేను చిన్నాడి డబ్బాలోకి నిమ్మకాయ పులిహోరకు పోపు వేస్తున్నాను. గోడకు తగిలించిన గరిటెలు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేశాయి. కిటికీ మూసే ఉంది, గాలి లేదు. గట్టు మీదున్న స్టీలు గ్లాసు వైపు చూశాను. నీళ్ళు వణుకుతున్నాయి. ఇంకేమీ ఆలోచించలేదు. స్టవ్ కట్టేసి, హాల్లోకి పరిగెత్తి, షూ లేసులు కట్టుకుంటున్న చిన్నాణ్ణి భుజం పట్టి డైనింగ్ టేబుల్ కిందికి లాగాను. "అత్తమ్మా, కుర్చీలోంచి లేవకండి! తల మీద దిండు పెట్టుకోండి!" అని అరిచాను. ఆ అరుపుకి ఆయన బాత్రూంలోంచి తడి తలతోనే బయటికొచ్చారు.

టేబుల్ కాలు గట్టిగా పట్టుకుని, చిన్నాడి తల నా చేతికింద పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను ఆపి ఉంది, కానీ దాని రాడ్డు అటూ ఇటూ ఊగుతోంది. కొన్ని క్షణాలే. ఆగింది. "అయిపోయింది, ఇంక లే" అన్నారు ఆయన. లేవలేకపోయాను. పైనుంచి ఎవరో లిఫ్ట్ బటన్ నొక్కుతున్న చప్పుడు వినబడింది. తలుపు తీసి, "లిఫ్ట్ ఎక్కకండి, మెట్ల మీంచి రండి" అని చెప్పి మళ్ళీ టేబుల్ దగ్గరికే వచ్చాను.

కిందికి దిగేసరికి సగం అపార్ట్‌మెంటు గేటు బయట ఉంది. నైటీల మీద శాలువాలు, చేతుల్లో ఫోన్లు. కొందరికి అసలేమీ తెలియలేదు, కింది ఫ్లోర్ల వాళ్ళకు మరీ. వాచ్‌మన్ అన్న మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాళ్ళది ములుగు జిల్లా తాడ్వాయి దిక్కు. "మా తమ్ముడు చేసిండు మేడమ్. ఇంట్ల గిన్నెలన్నీ కింద వడ్డయట. పిల్లల్ని ఎత్తుకొని బయట్కి ఉరికిండ్రట. ఇంకా లోపట్కి పోతలేరు" అన్నాడు. పోనివ్వొద్దని చెప్పాను. గోడల్లో బీటలు చూసుకుని గానీ లోపలికి వెళ్ళొద్దు, పెంకుటిల్లయితే మరీ జాగ్రత్త అన్నాను. అతను నేను చెప్పిందంతా అలాగే తమ్ముడికి ఫోన్లో చెప్పాడు.

కాసేపటికి వివరాలు వచ్చాయి. కేంద్రం ములుగు, తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు. భయపడక్కర్లేదని భూకంపాల మీద పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు చెప్పారు. ఎన్‌జీఆర్‌ఐ మా హబ్సిగూడలోనే ఉంది, రోజూ దాని గోడ పక్క నుంచే వెళ్తుంటాను. అంత లోతులో పుట్టింది కాబట్టే ఇంత దూరం, ఇంతమందికి తెలిసింది. పైపైన పుడితే దగ్గరి ఊళ్ళకు దెబ్బ ఎక్కువ, లోతున పుడితే ఊపు దూరం పోతుంది.

ఈలోగా విజయవాడ నుంచి అమ్మ. అక్కడా తెలిసిందట. "వాకిట్లోనే ఉన్నానే, మంచినీళ్ళ సీసా తెచ్చుకున్నా" అంది. ఎందుకు తెచ్చుకుందో వేరే వాళ్ళకైతే చెప్పాల్సి వస్తుంది.

2015 ఏప్రిల్ 25న అమ్మా నేనూ ఖాట్మండులో ఉన్నాం. విజయవాడ యాత్రా బృందంతో వెళ్ళాం. పొద్దున్నే పశుపతినాథుడి దర్శనం చేసుకుని గౌశాల అనే పేటలో మా బసకు వచ్చి, కింది హాల్లో భోజనాలకు కూర్చున్నాం. 11.56. ముందు వచ్చింది చప్పుడే. బరువు లారీ ఒకటి మన కాళ్ళ కిందనుంచి పోతున్నట్టు. ఆ తర్వాత నేల పక్కకి లాగేసింది. లేచి నిలబడ్డవాళ్ళు కూలబడ్డారు. అమ్మ విస్తరి మీదే బోర్లా పడింది, ఆమె మీద నేను పడుకున్నాను. నిమిషం దాకా ఊగిందంటారు. ఆ నిమిషంలో నాకు గుర్తున్నది అమ్మ జాకెట్టు మీద పప్పు మరక ఒక్కటే. బయటికొచ్చాక పాత ఊరి వైపు నుంచి దుమ్ము లేస్తూ కనిపించింది. ధరహరా స్తంభం కూలిపోయిందని సాయంత్రానికి తెలిసింది. పశుపతినాథుడి గుడి మాత్రం నిలబడింది.

అది 7.8. దాదాపు 9,000 మంది పోయారు. శనివారం కాబట్టి బడులు మూసి ఉన్నాయి. అక్కడ సెలవు శనివారమే. కొన్ని వేల బడి గదులు కూలాయి. అదే శుక్రవారం అయ్యుంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇందాక చిన్నాడు అడిగాడు, "ములుగుది దానికన్నా ఎంత చిన్నది?" అని. స్కేలు మీద ఒక్క అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు. 5.3కీ 7.8కీ రెండున్నర అంకెల తేడా, అంటే 5,000 రెట్లకు పైనే. నోట్‌బుక్ తీసుకుని లెక్క వేసి చూసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

పెద్ద ఊపు గురించి అందరూ అడుగుతారు. దాని తర్వాతి సంగతి ఎవరూ అడగరు. మమ్మల్ని నలిపేసింది తర్వాతి రోజులే. అరగంటకే 6.6 వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం 6.7. మధ్యలో లెక్కలేనన్ని చిన్నవి. ఒక్కోసారి కాకులు గుంపుగా లేచేవి, ఆ వెంటనే జనం "ఆయో, ఆయో!" (వచ్చింది, వచ్చింది) అని కేక పెట్టేవాళ్ళు, అప్పుడు మా కాళ్ళకు తెలిసేది. రాత్రి బయట మైదానంలో తార్పాలిన్ కింద పడుకున్నాం. వాన పడింది. చలి. ఊరూ పేరూ తెలియని ఒక నేపాలీ అక్క తన పిల్లలకు పెట్టుకున్న అటుకుల్లోంచి మాకూ పెట్టింది. వాళ్ళ ఇల్లు కూలిపోయింది, అయినా పెట్టింది. బాగ్మతి నది ఒడ్డున చితులు ఆరలేదు. పొగ మా దాకా వచ్చేది.

అక్కడే నీళ్ళ సీసా సంగతి తెలిసింది. కొన్ని గంటలయ్యాక భూమి ఊగుతోందో, మన తల తిరుగుతోందో తెలియదు. కూర్చుంటే ఊగుతుంది, పడుకుంటే ఊగుతుంది. బసలో పనిచేసే కుర్రాడు సగం నీళ్ళున్న సీసా తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. నీళ్ళు కదిలితే లేవండి, కదలకపోతే పడుకోండి అన్నాడు. ఆ రాత్రి అమ్మ ఆ సీసానే చూస్తూ పడుకుంది. 2011 భూకంపం తర్వాత జపాన్‌లో చాలామందికి ఇలాంటి తల తిరుగుడు వచ్చిందని అక్కడి డాక్టర్లు రాశారు. అది చదివాకే నా ఒళ్ళు నాకు అర్థమైంది. చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం, కళ్ళు, కాళ్ళు ఒకదానికొకటి పొంతన లేని సంగతులు చెప్తుంటాయి. మనిషి పిరికివాడై కాదు.

వాయుసేన విమానంలో ఢిల్లీకి తీసుకొచ్చారు. ఏపీ భవన్‌లో వేడన్నం పెట్టారు. హైదరాబాద్ వచ్చి, మన ఊరికొచ్చాం కదా అనుకున్నాను. మే 12న అక్కడ మళ్ళీ 7.3 వచ్చింది, పెద్దది వచ్చిన 17 రోజులకు. ఆ వార్త వింటూ హాల్లో నిలబడి గోడ పట్టుకున్నాను. జపాన్ శాస్త్రవేత్త ఒమోరి 1894లోనే చెప్పాడు, ఈ తర్వాతి ప్రకంపనలు రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయని. మొదటి రోజు 100 వస్తే పదో రోజుకి సుమారు 10. తగ్గేది సంఖ్య. ఎప్పుడో ఒకటి పెద్దదిగా రాదని కాదు. నేల లోపల రాయి ఒక్కసారి జారాక, చుట్టుపక్కల ఒత్తిడి కొత్తగా సర్దుకోవాలి, ఆ సర్దుబాటుకి టైము పడుతుంది.

చిన్నాడి స్కూలు బస్సు వచ్చింది. పంపాను. పంపకపోతే వాడు నా భయం నేర్చుకుంటాడు. ఆఫీసుకి బయల్దేరాను. మెట్రో స్టేషన్‌లో రైలు వచ్చేటప్పుడు ప్లాట్‌ఫాం సన్నగా అదురుతుంది, రోజూ అదిరేదే. ఇవాళ మాత్రం స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పక్కన ఒకావిడ నా వైపు చూసి, "పొద్దున మీకూ తెలిసిందా?" అంది. తల ఊపాను. అమీర్‌పేట దాకా ఆవిడ నా పక్కనే నిలబడి కబుర్లు చెప్పింది. ఆవిడకు ఎంత రుణపడ్డానో ఆవిడకి తెలియదు.

మధ్యాహ్నానికి మా ఫ్లాట్ల గ్రూపులో మెసేజ్. రాత్రి ఇంకా పెద్దది వస్తుందట, నాసా చెప్పిందట, టైముతో సహా. సరిగ్గా ఇదే అబద్ధం, ఇదే నాసా పేరుతో 2015లోనూ తిరిగింది. ఆ మెసేజ్ నమ్మి వణుకుతూ కూర్చున్న ముసలివాళ్ళను మైదానంలో చూశాను. అందుకే ఊరుకోలేకపోయాను. ఫలానా రోజు, ఫలానా గంటకు భూకంపం వస్తుందని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు, దయచేసి తీసేయండి అని రాశాను. పెట్టినాయన తీసేశారు, మంచిదే. ఆ వెంటనే ఇంకొకాయన, "అయినా మన దక్కన్‌లో భూకంపాలు రావండీ, రాతి నేల" అన్నారు. నాకు మొదటిదానికన్నా ఈ రెండోదే ఎక్కువ బాధ కలిగించింది. ఒకటి ఒక రాత్రి నిద్ర చెడగొడుతుంది. రెండోది ఏళ్ళ తరబడి మనల్ని ఏమీ చేయనివ్వదు.

సాయంత్రం అత్తమ్మతో ఈ మాట అంటే ఆమె కోప్పడింది. అత్తమ్మ వాళ్ళది నారాయణఖేడ్. "రావంటె? లాతూర్ల రాలేదా? గణపతుల్ని నీళ్ళల్ల ఏసొచ్చి పన్నరు బిడ్డా, పొద్దు పొడవక ముందె అంతా అయిపోయింది. మాకు మంచాలు ఊగినయ్" అంది. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా. లాతూర్ జిల్లా కిల్లారి చుట్టుపక్కల మందపాటి రాతి గోడలు, పైన మట్టి కప్పులు నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడ్డాయి. వేల మంది పోయారు. అప్పటి భూకంప ప్రమాద పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్, అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్నది. తర్వాత 2002లో అసలు ఆ ఒకటో జోన్‌నే తీసేశారు. ఆ 2002 పటంలో మన హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంది. తక్కువ అంటే లేదని కాదు. భద్రాచలంలో 1969 ఏప్రిల్ 13న 5.7 వచ్చింది. సింగరేణి బొగ్గు పేరుకున్న ఆ గోదావరి లోయ కిందే కోట్ల ఏళ్ళ నాటి పగుళ్ళున్నాయి. మన నేల మొత్తం ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. హిమాలయాల దగ్గర ఆ ఒత్తిడి ఎక్కువ, ఇక్కడ బాగా తక్కువ. నెట్టేది మాత్రం ఒకటే.

ఆయన ఆఫీసు నుంచి రాగానే కింద పార్కింగ్‌కి తీసుకెళ్ళాను. టార్చి వేసి పిల్లర్లు ఒక్కొక్కటీ చూశాం. మాది కూడా ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలాగే కింద కార్లు, పైన ఫ్లాట్లు. కింది అంతస్తులో గోడలు లేవు, బరువంతా పిల్లర్ల మీదే. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరమున్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు చాలా కూలాయి. ఆయన ముందు కొంచెం విసుగ్గా వచ్చారు. మూలన ట్యాంకు పైపు కింద ఉన్న పిల్లర్ దగ్గర సిమెంటు పెచ్చు ఊడి లోపలి ఇనుము తుప్పుతో కనిపించేసరికి ఆగిపోయారు. చేత్తో తడిమితే రజను రాలింది. ఇది ఇవాళ్టి ఊపుకి అయింది కాదు, ఎన్నాళ్ళ నుంచో నీళ్ళు కారుతున్నట్టుంది. ఫోటోలు తీశారు. గ్రూపులో ఆయనే పెట్టారు.

ఇంట్లోకి వచ్చాక చిన్నాడి మంచం మీది అటక ఖాళీ చేశాం. ఇత్తడి బిందెలు, మా పెళ్ళినాటి ఇనప్పెట్టె కిందికి దిగాయి. బీరువాను గోడకు బిగించడానికి రేపు వడ్రంగిని రమ్మన్నాను. గ్యాస్ సిలిండర్ ఎలా ఆపాలో చిన్నాడికి చూపించాను. వాడు రెండుసార్లు ఆపి చూపించాడు. అత్తమ్మ కూడా నేర్చుకుంటానంది, రేపు.

అమ్మకు పడుకునే ముందు మళ్ళీ ఫోన్ చేశాను. మంచం పక్క సీసా పెట్టుకున్నావా అంటే పెట్టుకున్నానంది, నువ్వో అని అడిగింది. నేనూ పెట్టుకున్నాను. రేపు మధ్యాహ్నం దాకా ఒళ్ళు ఇలాగే ఊగుతున్నట్టుంటుందని ఇద్దరికీ తెలుసు.

గ్రూపులో ఇప్పుడే జవాబు వచ్చింది. మధ్యాహ్నం రాతి నేల అన్నాయనే రాశారు. వాళ్ళ బావమరిది స్ట్రక్చరల్ ఇంజినీరట, ఆదివారం పదింటికి వచ్చి పిల్లర్లు చూస్తానన్నాడట. ఫ్లాటుకొకరు తప్పకుండా రావాలని నోటీసు రాసి లిఫ్ట్ పక్కన అంటించమని వాచ్‌మన్ అన్నకు ఇచ్చాను.