నొటేషన్ రాకపోతే సంగీతం రానట్టేనా?

మహబూబ్‌నగర్‌లో పిల్లలకు కీబోర్డు నేర్పుతుంటాను. చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఫీజు కంటే ముందు అడిగేది, "సార్, నొటేషన్ నేర్పిస్తరా?" అని. నొటేషన్ అంటే స్వరాలను గుర్తులతో కాగితం మీద రాయడం, చదవడం. నేర్పిస్తాను. నేర్పాలి కూడా. కానీ ఆ ప్రశ్న వెనక, నొటేషన్ రానివాళ్లది అసలు సంగీతమే కాదన్న నమ్మకం ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

మా పెదనాయిన ఊళ్లో చిరుతలు కొడుతూ పాడి ఆడే చిరుతల రామాయణానికి హార్మోనియం వాయించేవాడు. అక్షరం ముక్క రాదు, వేలిముద్రే. రాముడి వేషం కట్టినాయన అర్ధరాత్రి దాటాక గొంతు బొంగురుపోయి శ్రుతి దించి ఎత్తుకుంటే, మిగతావాళ్లు తేరుకునేలోపే పెదనాయిన వేళ్లు కింది మెట్ల మీదికి జరిగిపోయేవి. ఎదుటి గొంతు ఎటు పోతుందో ముందే పసిగట్టేవాడు. ఇప్పుడు కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి చేసే పని, ఆయన చెవితో చేసేవాడు. ఆయన కళాకారుడు కాదని ఎవరంటారు?

మన పాలమూరు వైపు 12 మెట్ల కిన్నెర అనే తీగవాద్యం వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరికీ అది ఇంటి నుంచి వచ్చిన విద్య, చూసి, విని పట్టుకున్నదే.

అయితే మొగిలయ్య గారి లాంటివాళ్లను తలచుకున్నప్పుడు నాకు పట్టుకునే దిగులు వేరే. రికార్డింగులు ఉన్నాయి, మంచిదే. కానీ ఏ వరసలో వేలు ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగింది, ఎక్కడ జారింది అన్నది ఎవరైనా పక్కన కూర్చుని స్వరాల్లో రాసి పెడితే, రేపు కిన్నెర పట్టే పిల్లవాడికి ఎంత ఆసరా! సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో చేసిన పని అదే. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల కృతులను తెలుగు లిపిలో, గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరుకు కూడా గుర్తులు పెట్టి అచ్చు వేయించారు. వాయించేవాడు పోయాక కూడా వరస మిగలాలంటే రాత కావాలి.

కానీ రాతలోకి అన్నీ రావు. మామూలు పాఠం పుస్తకంలో తోడి రాగం గాంధారానికీ శంకరాభరణం రాగం గాంధారానికీ ఉండేది ఒకే "గ". తోడిలో అది ఊగుతుంది, శంకరాభరణంలో దాదాపు నిటారుగా నిలుస్తుంది. విననివాడికి ఆ అక్షరం చూసి ఆ ఊపు ఎలా తెలుస్తుంది?

ఇంకోవైపు, నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు హైదరాబాద్ వెళ్లాడు. పాట రెండుసార్లు వింటే కార్డ్స్‌తో సహా వాయిస్తాడు. ఒక రికార్డింగ్‌లో ముందర ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ కాగితం పెట్టి, వెంటనే వాయించమన్నారు. రాలేదు, పంపించేశారు. వాళ్లను తప్పుపట్టలేను. పదిమంది వయొలిన్ వాళ్లు కలిసి ఒకే గీత పట్టాలంటే కాగితం లేకుండా కుదరదు, స్టూడియోకు గంటల లెక్కన అద్దె. ఆ పని కావాలంటే చదవడం రావాల్సిందే. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీతం గ్రేడ్ పరీక్షలు రాసేవాళ్లకూ అంతే. పెళ్లి బ్యాండు, భజన, నాటకాలకైతే చెవి గట్టిగా ఉంటే ఎవరూ కాగితం అడగరు.

అందుకే నా క్లాసులో మొదటి కొన్ని నెలలు పుస్తకం ఉండదు. సరళీ వరసలు, అంటే స రి గ మలతో మొదటి పాఠాలు, నోటితో పాడాలి, తర్వాతే వేళ్లతో. తెలిసిన బతుకమ్మ పాటను ఏ మెట్టు నుంచి మొదలుపెట్టమంటే అక్కడి నుంచి వాయించాలి. అది వచ్చాక ఐదు గీతలు గీస్తాను. కొందరు పిల్లలు గీతల మీద పెన్సిల్‌తో స రి గ మ అని రాసేసుకుంటారు. చెరిపించేస్తాను. అది అలవాటైతే గుర్తులు చూడరు, అక్షరాలే చూస్తారు.

పెద్ద పిల్లలకు ఈ మధ్య ఒక పని అప్పజెప్పాను. మీ ఊళ్లో చిరుతల వరసలు తెలిసిన పెద్దవాళ్ల దగ్గర ఒక్క పాట విని, స్వరం రాసుకురండి అని. జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చే అమ్మాయి వాళ్ల తాత పాడే సీత పాట రాసుకొచ్చింది. స్వరాలు బాగా పట్టింది. రెండో చరణంలో తాళం ఒకచోట తేడా వచ్చింది, ఆ ముక్క తాతతో మళ్లీ పాడించుకుని రమ్మన్నాను.