వెన్నెల బొమ్మలో ఇద్దరి మధ్య ఆరడుగులు

విశాఖ తీరం నేపథ్యంగా జానపద కథల అభిమానులు గీసే ఫ్యాన్ ఆర్ట్‌లో ఒక పొరపాటు పదే పదే కనిపిస్తుంది. రాకుమారుడూ గంధర్వకన్యా ఎదురెదురుగా నిలబడి ఉంటారు, వాళ్ల వెనక సూర్యుడు సముద్రంలో మునిగిపోతుంటాడు. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. గుర్రానికి రెక్కలు పెట్టండి, ఎవరూ కాదనరు. పొద్దు దిక్కు తప్పితే మాత్రం ఆ రెక్కల్ని కూడా నమ్మరు. సరసపు మాటలకీ ఇదే పట్టింపు ఉండాలి. బొమ్మ కింద రాసే ఒక్క సంభాషణా, బొమ్మలో ఆ ఇద్దరి మధ్య దూరమూ ఒకే చనువు చెప్పాలి.

ముందు సంవత్సరం తేల్చుకోండి. ‘పూర్వం’ అంటే చాలదు. 1516 తీసుకుందాం. కళింగనేలిన గజపతుల మీద దండయాత్రలో కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చి స్వామికి నగలు సమర్పించిన ఏడు అది, గుడిలో శాసనాలున్నాయి. నాయకుడు ఆ సేనలో ఆశ్వికుడు, నాయిక ఈ కొండల్లో తిరిగే గంధర్వకన్య అనుకుందాం. ఏడు ఖాయమయ్యాక సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. అతని తల మీద పొడవాటి కుళ్లాయి, అంటే ఆ కాలపు టోపీ, ఉంటుంది. ఆకారం కోసం లేపాక్షి కుడ్యచిత్రాలు చూడండి. ఇప్పుడు భీమిలి దారిలో కనిపించే సరుగుడు చెట్లు అప్పుడు లేవు, ఆ తోటలు చాలా తర్వాత నాటినవి. తాడి, మొగలి, పొన్న గీయండి. చిలుక ముక్కున జామపండు పెట్టకండి, అది అమెరికా ఖండం నుంచి వచ్చిన పండు. బంతిపూలూ అంతే. సింహాచలం కొండ మీద పండే అనాస కూడా అప్పటికి ఇక్కడికి చేరలేదు. చిలుకకి దానిమ్మ ఇవ్వండి, నాయిక జడలో సంపెంగ నిశ్చింతగా పెట్టండి.

తొట్లకొండ, బావికొండ మీద ప్రేమ సన్నివేశం పెట్టాలని చాలామందికి ఉంటుంది, అక్కణ్నుంచి సముద్రం అంత బాగా కనిపిస్తుంది మరి. అవి భిక్షువులు ఉన్న విహారాలు. 1516 నాటికి ఎప్పుడో పాడుబడ్డాయి. బుద్ధ విహారం సరసానికి తగిన చోటు కాదని నా గట్టి అభిప్రాయం. ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్లండి.

ఇక మాటలు. చారిత్రక కథలు రాసేవాళ్లు మర్యాద అనగానే ‘మీరు’ వాడేస్తారు. పాత కావ్యాల్లో రాజునైనా ‘నీవు’ అనే అంటారు. మర్యాదంతా సంబోధనలో ఉంటుంది, క్రియ ఏకవచనంలోనే నడుస్తుంది. మనుచరిత్ర కావ్యంలో వరూధిని ప్రవరుణ్ని ‘భూసురేంద్ర’ (బ్రాహ్మణోత్తమా) అంటూనే ‘వేడెదు’ (అడుగుతున్నావు) అంటుంది. కాబట్టి ‘రాకుమారా, మీరు ఎప్పుడు వచ్చారు’ అని రాస్తే ఆ ‘మీరు’తో ఆమె ఈ కాలపు పిల్ల అయిపోతుంది. ‘రాకుమారా, ఎప్పుడు వచ్చావు’ అంటే చాలు. గ్రాంథికం రాస్తే చివరిదాకా గ్రాంథికమే రాయండి. ‘ఎచటినుండి వచ్చితివి, ఇక్కడేం చేస్తున్నావు’ అంటే రెండు కాలాలు ఒకే నోట్లో ఇరుక్కుంటాయి. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనే వాక్యం కూడా పక్కన పెట్టండి. ‘నీ మీద మనసైంది’, ‘వలచి వచ్చాను’ లాంటివి ఆ నోటికి అతుకుతాయి.

బావామరదళ్లయితే మొదటి మాటే ఎకసెక్కంగా మొదలవచ్చు, వరస ఆ హక్కు ఇస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఆ హక్కు లేదు. వాళ్ల మొదటి మాట నేరుగా రాకూడదు. మన ఆశ్వికుడు గుర్రం మెడ నిమురుతూ, ‘నీకు దాహంగా ఉంది. నీటిజాడ చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండును’ అంటాడు. నాయిక బదులివ్వదు. పక్కనున్న చెలికత్తె అందుకుంటుంది: ‘ఓలమ్మో, గుర్రానికేనేటి దాహం?’ ఇప్పటి ఉత్తరాంధ్ర యాస 1516లో ఇలాగే ఉండేదని కాదు. నాయిక భాషకీ చెలికత్తె భాషకీ తేడా చూపడానికి అదొక ఏర్పాటు. ఆ తేడా ఉంటే నాయిక మౌనం కూడా మాటలా పనిచేస్తుంది. చెలికత్తెని బొమ్మలోంచి తీసేస్తే ఈ సంభాషణ రాయడానికే వీలుండదు.

ఇప్పుడు ఈ చనువుని కొలతల్లోకి తెద్దాం. ఏ3 కాగితం అడ్డంగా పెడితే 42 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 ఎత్తు. ఒక అడుగుకి 3 సెంటీమీటర్ల లెక్క పెట్టుకోండి. అయిదున్నర అడుగుల మనిషి 16.5 వస్తాడు, కుళ్లాయితో 19 దాకా వెళతాడు, పైన ఆకాశానికి చోటు మిగులుతుంది. అడుగుకి 4 తీసుకుంటే కుళ్లాయి కాగితం పై అంచుకి దగ్గరవుతుంది, చందమామకి చోటుండదు. గుర్రంతో మాట్లాడే సన్నివేశానికి ఇద్దరి మధ్య ఆరడుగులు, అంటే 18 సెంటీమీటర్లు. ఆ ఖాళీలో గుర్రం తల, లేదా మొగలి పొద. నేరుగా ‘నీవు’ అనుకునే దశకి మూడడుగులు, 9 సెంటీమీటర్లు; అడ్డు ఏమీ ఉండదు, చెలికత్తె ఒక అడుగు వెనక్కి తగ్గి మొహం పక్కకి తిప్పుకుంటుంది. ‘వలచి వచ్చాను’ దగ్గర చెలికత్తె బొమ్మలోనే ఉండదు. ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే: మాట మొదటి దశది, నిలబడిన తీరు మూడో దశది.

రాత్రి సన్నివేశమైతే తిథి తేల్చుకోకుండా పెన్సిల్ పట్టుకోవద్దు. పౌర్ణమి చంద్రుడు పొద్దుగూకే వేళకే సముద్రం మీద లేస్తాడు. ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం. విదియ, తదియ నెలవంక సాయంత్రం పడమట, కొండల వైపు కనిపిస్తుంది. సన్నని నెలవంక విశాఖ సముద్రం మీద ఉందంటే అది బహుళపక్షం చివర, తెల్లవారుజాము అన్నమాట. ప్రియుణ్ని కలవడానికి రహస్యంగా వెళ్లే అభిసారికకి మన పూర్వులు దీనికి తగ్గ వేషమే పెట్టారు: వెన్నెల్లో వెళ్లే శుక్లాభిసారికకి తెల్లచీర, చీకట్లో వెళ్లే కృష్ణాభిసారికకి నల్లనిది లేదా నీలిది. వెన్నెల్లో నీలిచీర కట్టించి ‘ఎవరూ చూడలేదు కదా’ అనిపిస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పౌర్ణమి సాయంత్రం చంద్రుడు కనబడగానే మొహాల మీద వెన్నెల పూసేస్తుంటారు. సంజవెలుగు పూర్తిగా ఆరేదాకా వెన్నెలకి అంత బలం ఉండదు. అప్పటిదాకా చంద్రుడు ఒక బిళ్ల మాత్రమే, మొహాలకి వెలుగు పడమటి ఆకాశం నుంచి వస్తుంది. చీకటి పడ్డాక ఇంకో చిక్కు: తక్కువ వెలుతురులో మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపు. ఎర్రమట్టి దిబ్బలు రాత్రిపూట ఎర్రగా ఉండవు. నీటిరంగుల్లో ఇండిగో అనే ముదురు నీలంలో కాస్త బర్ంట్ సియెనా అనే ఎర్రమట్టి రంగు కలిపి, బూడిద కలిసిన ముదురు గోధుమరంగు తెచ్చుకోండి. నాయిక కుంకుమబొట్టు కూడా దాదాపు నల్లగానే వేయాలి. తెల్లచీరకి తెల్లరంగు వాడకండి. కాగితాన్నే వదిలేసి, మడతల నీడలకి బాగా పలచటి ఇండిగో ఒకటి రెండు పూతలు వేయండి.

కాగితం 300 జీఎస్‌ఎంకి తగ్గకూడదు (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), నాలుగు పక్కలా టేపుతో పలకకి అంటించాలి. విశాఖ గాలిలో, ముఖ్యంగా వానాకాలం, పూత ఆరడానికి చాలా సేపు పడుతుంది. పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది, దాని మీద రెండో పూత వేస్తే కాలీఫ్లవర్‌లా అంచులు విచ్చుకున్న మరకలు లేస్తాయి. వేలి వెనక వైపుతో తాకి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. నీటి మీది వెన్నెల దారికి మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితాన్ని కప్పి ఉంచే ద్రవం) వాడితే పూత పూర్తిగా ఆరాక అదే రోజు తీసేయండి. రోజుల తరబడి ఉంచినా, హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలినా అది కాగితానికి పట్టేసి, లాగినప్పుడు పై పొరని చింపుతుంది. మిగిలిన కాగితాలు సిలికా జెల్ పొట్లాలతో గట్టి కవర్లో దాచండి. చెమ్మ తగిలితే కాగితం మీది జిగురు పూత పాడై, రంగు మచ్చలు మచ్చలుగా ఇంకిపోతుంది.

నాయిక చేతికి లేఖ ఇవ్వాలనుకుంటే చర్మపు చుట్ట కాకుండా తాటాకు ఇవ్వండి, మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉండే సన్నని ఆకు. మన లెక్కలో అది కాగితం మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల పట్టీ. అందులో అక్షరాలు కనిపించవు కాబట్టి లేఖలోని మాట బొమ్మ కింద రాయాల్సిందే. రంగంతా ఆరాక, నీటికి చెదరని సిరాతో, ఒక్క వరసలో పట్టేంత మాత్రమే రాయండి.