ఫ్రీక్యాడ్‌లో స్కెచ్ దేనికి అతుక్కుని ఉందో ముందు చూడండి

ఫ్రీక్యాడ్ (వస్తువుల 3డి నమూనాలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఫైలు చెదిరిపోయిందంటే, చాలాసార్లు ఏదో ఒక స్కెచ్ (ఆకారానికి ఆధారమైన 2డి గీత) వస్తువు ముఖం మీద కూర్చుని ఉంటుంది. ప్యాడ్ (స్కెచ్‌కి మందం ఇచ్చి చేసిన దిమ్మె) పై ముఖాన్ని క్లిక్ చేసి, పాకెట్ (అందులో తొలిచే గుంట) కోసం స్కెచ్ తెరవడం సులువే. కానీ ఆ ముఖానికి లోపల ఉండే పేరు ఫేస్6 లాంటి వరస సంఖ్య. ముందు దశలో ఒక రంధ్రం చేర్చగానే వరస మారి, స్కెచ్ వేరే గోడ మీదికి దూకుతుంది. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 వెర్షన్‌తో ఈ బెడద బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే స్కెచ్‌ని బాడీ (ఒక విడి ఘన భాగం) మూల తలాలకే (ఎప్పుడూ మారని XY, XZ, YZ తలాలకే) అతికించి, ఎత్తును అటాచ్‌మెంట్ ఆఫ్‌సెట్‌లో (తలం నుంచి ఎంత దూరమో చెప్పే గడిలో) ఇవ్వడం మేలు.

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి డబ్బా చేస్తున్నారనుకోండి. బోర్డు 85 × 56 మి.మీ., స్క్రూ రంధ్రాల మధ్య దూరం 58 × 49. బోర్డు మూలనే సున్నా బిందువుగా పెట్టుకుంటే రంధ్రాలు అడ్డంగా 3.5, 61.5 దగ్గర, నిలువుగా 3.5, 52.5 దగ్గర పడతాయి. డ్రాయింగ్‌లోని అంకెలు అలాగే వాడుకోవచ్చు, కూడికల్లో పొరపాట్లు రావు.

ఈ కొలతలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ప్రతి గడికీ ఏలియాస్ (మనం పెట్టే పేరు) ఇవ్వండి. గోడ మందానికి టి1 అని పెడితే తీసుకోదు, అది గడి చిరునామా. ఇంకో చిక్కు: మోడల్ నుంచి ఒక కొలతను తిరిగి అదే షీటులోకి లాగితే, గడులు వేరైనా సరే, చక్రం ఏర్పడిందని ఎర్రర్ వస్తుంది. ఏది దేని మీద ఆధారపడిందో చూసేటప్పుడు ఫ్రీక్యాడ్ గడిగడికీ కాదు, షీటు మొత్తాన్నీ ఒకటిగా లెక్కిస్తుంది. లెక్క ఎప్పుడూ షీటు నుంచి పార్టుకే నడవాలి.

అడుగు పెట్టె ఒక బాడీ, మూత ఒక బాడీ. మూత రంధ్రాలను పెట్టె అంచుల నుంచి ఎత్తుకోకండి, రెండూ షీటునే చదవాలి. వంపు తిరిగిన ఆకారం రెండింటికీ కావాలంటే విడిగా ఒక మూల స్కెచ్ గీసి, సబ్‌షేప్ బైండర్‌తో (వేరే చోటి ఆకారాన్ని బాడీలోకి తెచ్చే పనిముట్టుతో) రెండు బాడీల్లోకీ తెచ్చుకోండి. ఫిల్లెట్లు (అంచులను గుండ్రం చేయడం) అన్నిటికంటే చివర.

అసెంబ్లీలో (పార్టులన్నిటినీ కూర్చే ఫైలులో) కొత్తగా ఏదీ గీయకూడదు. పార్టు ఫైళ్లను ముందు సేవ్ చేశాకే చొప్పించండి, సేవ్ కాని ఫైలుకు లింకు కుదరదు. పెట్టెను గ్రౌండ్ చేసి (కదలకుండా నిలిపి), మూతకు ఫిక్స్‌డ్ జాయింట్ (కదలని అతుకు) ఇవ్వండి. స్క్రూ ఫైలు ఒక్కటే, లింకులు నాలుగు. మర మార్చితే నాలుగూ మారతాయి. జాయింటుకు రంధ్రపు గుండ్రటి అంచును పట్టుకున్నాక అదే అంచుకు ఫిల్లెట్ వేస్తే, అంచు మాయమై జాయింటు ఊడుతుంది. ట్రీలో (భాగాలన్నీ వరసగా కనిపించే జాబితాలో) లేబుల్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. డిస్కు మీద ఫైలు పేరు మారిస్తే మాత్రం అసెంబ్లీకి ఆ పార్టు దొరకదు.

సరిగ్గా అమరిందా అని చూడటానికి గోడ మందం 2.5ని షీటులో 4 చేసి రీకంప్యూట్ చేయండి (మోడల్‌ని మళ్లీ లెక్కించమనండి). ట్రీలో ఎర్ర గుర్తు ఎక్కడ పడిందో, ఆ స్కెచ్ అటాచ్‌మెంట్ తెరిచి చూడండి.